పద్నాలుగు క్లబ్బులు, రెండు జతల బూట్లు

గోల్ఫ్ ఆడటానికని దేశం దాటి వెళ్లేవారి సామాను మిగతా విహారయాత్రికుల సామానులా ఉండదు. అందులో ఏమి పెట్టుకోవాలో, ఎంత పెట్టుకోవాలో నిర్ణయించే అధికారం పూర్తిగా వారి చేతిలో ఉండదు. సంచిలో ఎన్ని క్లబ్బులు ఉండవచ్చో ఆట నియమావళి చెబుతుంది, ఆ సంచి ఎంత తూగవచ్చో విమాన సంస్థ చెబుతుంది, పక్కనున్న పెట్టెలో ఏ బట్టలు సర్దుకోవాలో వెళ్లే చోటి గాలీ వానా చెబుతాయి. (బంతిని కొట్టే కర్రకు క్లబ్బు అని పేరు, ఆటగాళ్ల సంఘాలను కూడా అదే మాటతో పిలుస్తారు గానీ, సంఘాల పేర్లలో తప్ప ఈ కథనంలో క్లబ్బు అన్నచోటల్లా కర్ర అనే అర్థం.) ఈ మూడింటిలో మొదటి రెండింటి గురించి ఆటగాళ్లు నెలల ముందు నుంచీ లెక్కలు వేసుకుంటారు, మూడోదాన్ని బయలుదేరే నాటి రాత్రికి వదిలేస్తారు. గోల్ఫ్ పుట్టినిల్లయిన స్కాట్లాండ్ తీరానికి వెళ్లేవారు మాత్రం ఈ వరుసను తిరగేసుకోవడం మేలు. అక్కడ మంచి క్లబ్బులు అద్దెకు దొరుకుతాయి గానీ, తడవని పాదాలు అద్దెకు దొరకవు.

స్కాట్లాండ్‌లోని పాత మైదానాలను లింక్స్ అంటారు. సముద్రపు ఒడ్డుకూ సాగుభూమికీ నడుమ, పంటకు పనికిరాని ఇసుక దిబ్బల మీద, ఫెస్క్యూ అనే సన్నని బిరుసు గడ్డి పరచుకున్న నేల అది. చెట్లు దాదాపుగా లేనందువల్ల అక్కడ గాలికి అడ్డు ఉండదు. ఇసుక నేల కావడం వల్ల వాన నీరు నిలవకుండా ఇంకిపోతుంది కనుక, మరో చోట అయితే ఆపేయవలసినంత వానలోనూ ఇక్కడ ఆట సాగుతూనే ఉంటుంది, ఆటగాళ్లు తడుస్తూనే ఉంటారు. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్, దానికి ఉత్తరాన కార్నూస్టీ, ఎడిన్‌బరోకు తూర్పున మ్యూర్‌ఫీల్డ్, హైలాండ్స్ తీరాన రాయల్ డోర్నోక్ ఈ కోవలోనివే. వీటిలో ఓల్డ్ కోర్స్‌ది ప్రత్యేక స్థానం: 1764లో అక్కడి 22 హోళ్ల ఆటను (ఒక్కో గుంతలో బంతిని వేసేదాకా సాగే ఆటకు హోల్ అని పేరు) 18కి కుదించగా, ఆ సంఖ్యే తరువాతి కాలంలో ప్రపంచమంతటికీ ప్రమాణమైంది.

భారతదేశానికి ఈ ఆట కొత్తది కాదు. 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌ను బ్రిటిష్ దీవుల వెలుపలి గోల్ఫ్ సంఘాలలో అత్యంత పాతదిగా చెబుతారు. అయినా గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయా ఖిలా గోడల పక్కన, వందల ఏళ్ల నాటి బావోబాబ్ చెట్టుకు చేరువలో, బండరాళ్ల నడుమ ఆడి పెరిగిన హైదరాబాదు ఆటగాడికి తెలిసిన నేల వేరు, ఎండ వేరు. విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ మైదానంలో ఆడేవారికి సముద్రపు గాలి పరిచయమే గానీ, అది ఎముకలు కొరికే గాలి కాదు. సెయింట్ ఆండ్రూస్ 56 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. జులైలో సైతం అక్కడి పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల సెల్సియస్‌ను దాటదు. మే, జూన్ నెలలలో మన ఎండలను తప్పించుకుని అక్కడికి వెళ్లేవారు ఆ అంకెను చల్లదనమనే అనుకుంటారు. దానికి తడి, గాలి తోడైనప్పుడు అది చలి అని మూడో హోల్ దగ్గర తెలిసివస్తుంది.

సంచిలో ఎన్ని?

గోల్ఫ్ నియమావళిని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా పనిచేసే ఆర్ అండ్ ఏ, అమెరికాకు చెందిన యూఎస్‌జీఏ అనే రెండు సంస్థలు కలిసి రూపొందిస్తాయి. ఒక రౌండులో, అంటే 18 హోళ్ల ఆటలో, ఎవరూ 14కు మించి క్లబ్బులు వెంట ఉంచుకోరాదన్నది అందులోని నిబంధన. ఈ పరిమితి ఆటంత పాతదేమీ కాదు. అమెరికా సంస్థ 1938లో, బ్రిటిష్ సంస్థ 1939లో దీన్ని అమలులోకి తెచ్చాయి. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల వరకు అసలు గోల్ఫ్ సంచి అనేదే వాడుకలో లేదు. ఆటగాడి వెంట నడిచే సహాయకుడు, అంటే క్యాడీ, ఏడెనిమిది క్లబ్బులను కట్టలాగా చంకన పెట్టుకుని మోసేవాడు. హికరీ అనే కలపతో చేసిన పిడి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వంగేది కాబట్టి, ఆటగాడు తన చేతికి అలవాటైన కొద్దిపాటి క్లబ్బులనే నమ్ముకుని, ఒకే క్లబ్బుతో నాలుగైదు రకాల దెబ్బలు కొట్టడం నేర్చుకునేవాడు. అమెరికన్ ఆటగాడు చిక్ ఎవాన్స్ 1916లో తమ దేశపు ఓపెన్ టోర్నీని ఏడే క్లబ్బులతో గెలిచాడు. ఆనాటి అతడి 286 దెబ్బల స్కోరు ఆ టోర్నీలో ఇరవై ఏళ్ల పాటు రికార్డుగా నిలిచింది.

1920లలో ఉక్కు పిడులకు అనుమతి లభించడంతో పరిస్థితి మారిపోయింది. ఉక్కు పిడిని ఎన్నిసార్లు చేసినా ఒకే తీరుగా చేయవచ్చు కాబట్టి తయారీదారులు అంకెలు వేసిన వరుస సెట్లను అమ్మసాగారు, ప్రతి దూరానికీ ఒక ప్రత్యేకమైన క్లబ్బు ఉండాలనే ఆశ ఆటగాళ్లలో పెరిగింది. 1930ల నడుమ అమెరికా, బ్రిటన్ అమెచ్యూర్ టోర్నీలు రెండింటినీ వరుసగా రెండేళ్లు గెలిచిన లాసన్ లిటిల్ సంచిలో దాదాపు 30 క్లబ్బులు ఉండేవి. నైపుణ్యాన్ని సంఖ్యతో కొనుక్కునే ఈ ధోరణికి కళ్లెం వేయడానికే పద్నాలుగు అనే హద్దు వచ్చింది. క్యాడీల వీపులు కూడా దానివల్ల కొంత బతికిపోయాయని అనుకోవచ్చు.

హద్దు దాటితే పడే శిక్ష తక్కువది కాదు. దెబ్బల సంఖ్యతో ఫలితం తేల్చే ఆటలో, అదనపు క్లబ్బుతో ఆడిన ఒక్కో హోల్‌కు రెండు దెబ్బల చొప్పున, రౌండుకు గరిష్ఠంగా నాలుగు దెబ్బలు ఆటగాడి ఖాతాలో కలుస్తాయి. 2001లో రాయల్ లిథమ్ మైదానంలో జరిగిన బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున వేల్స్ ఆటగాడు ఇయాన్ వూస్నమ్ అగ్రస్థానాన్ని పంచుకుంటూ ఆట మొదలుపెట్టాడు. మొదటి హోల్‌లో బంతిని గుంత అంచుకు చేర్చి, రెండే దెబ్బల్లో ముగించి, రెండో హోల్ దగ్గరకు వచ్చేసరికి సంచిలో పదిహేను క్లబ్బులున్నాయని క్యాడీ చెప్పవలసి వచ్చింది. ఆటకు ముందు సాధనలో డ్రైవర్ అనే రకం క్లబ్బులు రెండింటిని మార్చి మార్చి పరీక్షించి, రెండోదాన్ని తీయడం మరిచిపోయారు. రెండు దెబ్బల శిక్ష పడింది, చివరకు అతడు మూడో స్థానాన్ని ఇతరులతో పంచుకున్నాడు. విహారానికి వెళ్లేవారికి బహుమతి డబ్బు పోయే ప్రమాదం లేదు గానీ, ఇంట్లో ఏళ్ల తరబడి పడివున్న సంచిలో పాత పట్టరో, స్నేహితుడు మరిచిపోయిన వెడ్జో, ఏదో ఒక అదనపు క్లబ్బు దాగి ఉండటం అరుదు కాదు. మైదానంలో శిక్షకు కారణమయ్యేది విమానాశ్రయంలో బరువుకు కూడా కారణమవుతుంది కనుక లెక్క ఇంట్లోనే చూసుకోవాలి.

ఏ పద్నాలుగు అన్నది అసలు ప్రశ్న. దూరానికి కొట్టే పెద్ద తల క్లబ్బు డ్రైవర్. దాని తరువాత ఫెయిర్‌వే వుడ్‌లు, హైబ్రిడ్‌లు. మధ్య దూరాలకు అంకెలు వేసిన ఐరన్‌లు. దగ్గర నుంచి బంతిని ఎత్తి వేయడానికి వెడ్జ్‌లు. గుంతలోకి దొర్లించడానికి పట్టర్. బంతికి తగిలే క్లబ్బు ముఖం ఎంత వాలుగా ఉంటే బంతి అంత పైకి లేస్తుంది. ఈ వాలునే లాఫ్ట్ అంటారు. నీరు పెట్టిన మెత్తని పచ్చికలో ఆడేవారు బంతిని పైకి లేపి, పడినచోటే ఆగేలా కొట్టడానికి అలవాటు పడతారు కాబట్టి వారి సంచిలో మూడు నాలుగు వెడ్జ్‌లు ఉంటాయి. లింక్స్ నేల మీద గాలిలోకి లేచిన బంతి గాలి చెప్పినట్టు వింటుంది; నేలబారుగా వెళ్లిన బంతి గట్టి నేల మీద పడి చాలా దూరం దొర్లుతుంది. వెడ్జ్ అడుగు భాగం నేలను తాకి పైకి లేచే గుణాన్ని బౌన్స్ అంటారు. అది ఎక్కువగా ఉన్న క్లబ్బు మెత్తని నేలలో ఆదుకుంటుంది గానీ, ఎండిన ఇసుక నేల మీద ఎగిరిపడి బంతి నడుముకు తగులుతుంది. అందువల్ల 60 డిగ్రీల వెడ్జ్‌ను ఇంట్లో వదిలి, తక్కువ లాఫ్ట్ ఉన్న ఐరన్ ఒకటి అదనంగా తీసుకెళ్లడం తెలివైన మార్పిడి. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ అనే పచ్చిక బయట నుంచి కూడా పట్టర్‌తోనే దొర్లించే పద్ధతికి అమెరికన్లు టెక్సస్ వెడ్జ్ అని వేళాకోళపు పేరు పెట్టారు. స్కాట్లాండ్‌లో అది వేళాకోళం కాదు, నిత్యం వాడే దెబ్బ. నిజానికి నిబంధన పద్నాలుగు తప్పనిసరి అనడం లేదు. పదకొండుతో మొదలుపెట్టిన వారు ఆట మధ్యలో మరో మూడు కలుపుకోవడానికి కూడా అనుమతి ఉంది. సరదా ఆటకు పదకొండు ధారాళంగా సరిపోతాయి.

బంతుల విషయంలో ఒకప్పుడు దేశం మారితే బంతే మారేది. బ్రిటిష్ నియమం 1.62 అంగుళాల వ్యాసపు చిన్న బంతిని అనుమతించగా, అమెరికాలో 1.68 అంగుళాల కంటే చిన్నది చెల్లేది కాదు. చిన్న బంతి గాలిని చీల్చుకుని మరింత దూరం పోయేది. 1953లో కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి మొదటిసారిగా వచ్చిన అమెరికన్ ఆటగాడు బెన్ హోగన్ ఆ చిన్న బంతికీ గట్టి నేలకూ అలవాటు పడటానికి చాలా ముందుగానే చేరుకుని సాధన చేశాడు, గెలిచాడు, మళ్లీ ఆ టోర్నీకి రాలేదు. 1990 నుంచి అన్నిచోట్లా 1.68 అంగుళాలే కనీస వ్యాసం; గరిష్ఠ బరువు 45.93 గ్రాములు. అంటే డజను బంతులు దాదాపు 550 గ్రాములు తూగుతాయి. గోర్స్ అనే పసుపు పూల ముళ్లపొదలు లింక్స్ అంచులలో బంతులను మింగేస్తాయని విని నాలుగు డజన్లు మూటగట్టుకునేవారున్నారు. గోల్ఫ్ పుట్టిన ఊళ్లో గోల్ఫ్ బంతులు అమ్మే దుకాణానికి కొరత ఉంటుందనుకోవడం కాకినాడకు కాజాలు పట్టుకెళ్లడం లాంటిది. ఒక డజను చాలు.

తూకపు యంత్రం ముందు

డ్రైవర్ సుమారు 300 గ్రాములు, వెడ్జ్ 450 గ్రాములకు కాస్త పైన, మిగతావాటిలో చాలావరకు ఈ రెంటి మధ్య ఉంటాయి కాబట్టి పద్నాలుగు క్లబ్బులు కలిసి 5 నుంచి 6 కిలోల దాకా తూగుతాయి. నేల మీద రెండు కాళ్లతో నిలబడే తేలికపాటి సంచి, అంటే స్టాండ్ బ్యాగ్, రెండున్నర కిలోల లోపే ఉంటుంది. హైదరాబాదులో క్యాడీ తోసే తోపుడు బండి మీదనో, బ్యాటరీ బండి మీదనో ఉండే పెద్ద సంచి దీనికి దాదాపు రెట్టింపు. ప్రయాణంలో సంచికి తొడిగే చక్రాల కవరు మెత్తని రకమైతే మూడు నాలుగు కిలోలు, గట్టి డొల్ల రకమైతే అంతకంటే ఎక్కువ. ఎకానమీ తరగతిలో చాలా విమాన సంస్థలు ఒక్కో సామానుకు అనుమతించే 23 కిలోలలో సగం వరకు ఈ విధంగా తీరిపోతుంది. డబ్బు కట్టినా సరే, ఎత్తి దించే కార్మికుల నడుముల రక్షణ కోసం, ఒక్క సామాను 32 కిలోలు దాటితే తీసుకోకపోవడం సాధారణ నియమం. మిగిలిన ఖాళీలో బూట్లు, స్వెట్టర్లు కుక్కితే అవి క్లబ్బులకు మెత్తలుగా కూడా పనికివస్తాయి. అయితే కొన్ని సంస్థలు గోల్ఫ్ సంచిలో గోల్ఫ్ సామగ్రి తప్ప మరేమీ ఉండరాదంటాయి కనుక టికెట్ కొనేటప్పుడే ఆ షరతు చదువుకోవాలి.

విరిగేది ఎక్కువగా డ్రైవర్. అన్నింటిలోకి పొడవైనది కావడం వల్ల సంచి తలకిందులుగా పడ్డప్పుడు మొదటి దెబ్బ దానికే తగులుతుంది. దీనికి విరుగుడుగా స్టిఫ్ ఆర్మ్ అనే సాధనం ఉంది: పొడవు సర్దుకోగల లోహపు కడ్డీ, తలమీద వెడల్పాటి టోపీ, దాన్ని డ్రైవర్ కంటే ఒక అంగుళం ఎత్తుగా క్లబ్బుల మధ్య నిలబెడితే, పైనుంచి పడే బరువును అది మోస్తుంది. ఈనాటి డ్రైవర్లలో చాలావాటి తలను చిన్న తాళంచెవి లాంటి పరికరంతో విప్పదీయవచ్చు. విప్పిన తలను మేజోడులో చుట్టి బూటులో దాచి, పిడిని తలకిందులుగా సంచిలో పెట్టడం అన్నింటికంటే భద్రమైన పద్ధతి. అక్కడికి వెళ్లాక బిగించడానికి ఆ పరికరాన్ని మరిచిపోకుండా ఉంటే చాలు. తలనూ పిడినీ వేరుచేసి సర్దే విద్యకు పరాకాష్ఠ చంద్రుడి మీద కనిపించింది. 1971 ఫిబ్రవరిలో అపోలో 14లో వెళ్లిన వ్యోమగామి అలన్ షెపర్డ్ పూర్తి క్లబ్బును కాక ఆరో నంబరు ఐరన్ తలను మాత్రమే, రెండు బంతులతో పాటు తీసుకెళ్లి, చంద్రశిలల నమూనాలు సేకరించే పరికరం పిడికి దాన్ని బిగించి ఒంటిచేత్తో కొట్టాడు. ఆ క్లబ్బు నేడు యూఎస్‌జీఏ మ్యూజియంలో ఉంది.

క్లబ్బులను విమానం లోపలికి తీసుకెళ్లనివ్వరు, ఎందుకంటే భద్రతా నియమాల దృష్టిలో అవి దుడ్డుకర్రలతో సమానం. లిథియం బ్యాటరీల విషయంలో నియమం దీనికి సరిగ్గా తలకిందులు: విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉండాలి, లోడు చేసే సామానులో ఉండరాదు. దూరాన్ని లేజర్‌తో కొలిచే రేంజ్‌ఫైండర్‌ను, దాని అదనపు బ్యాటరీని కూడా చేతిలోనే ఉంచుకోవడం మంచిది. గోల్ఫ్ సంచిని మోసే విద్యుత్ ట్రాలీ బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల విమానంలో సామానుగా వెళ్లనే వెళ్లదు. కాబట్టి ఆ ట్రాలీని ఇంటి వద్దే వదలడం ఉత్తమం.

చేతిసంచిలో తప్పక ఉండవలసిన కాగితం హ్యాండిక్యాప్ ధ్రువపత్రం. ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే కొలత హ్యాండిక్యాప్. అంకె తగ్గేకొద్దీ ఆటగాడు మెరుగైనవాడని అర్థం. 2020 నుంచి ప్రపంచమంతటా ఒకే పద్ధతిలో దీన్ని లెక్కిస్తున్నారు, గరిష్ఠం 54. ఓల్డ్ కోర్స్‌తో సహా పేరున్న మైదానాలు అనేకం దాన్ని చూపమంటాయి. ఓల్డ్ కోర్స్‌లో ఆడటానికి ముందస్తు బుకింగ్ దొరకనివారు రెండు రోజుల ముందు పేరిచ్చి లాటరీలో అదృష్టం పరీక్షించుకోవచ్చు. ఆదివారాలలో మాత్రం సాధారణంగా అక్కడ ఆట ఉండదు, మైదానం ఊరి జనం షికారు చేసే ఉద్యానవనమవుతుంది.

హైదరాబాదు నుంచి ఎడిన్‌బరోకు వెళ్లేవారు గల్ఫ్ నగరాల మీదుగానో లండన్ మీదుగానో విమానం మారుతారు కాబట్టి సామాను తప్పిపోయేదీ, ఆలస్యమయ్యేదీ ఎక్కువగా ఆ మజిలీలోనే. భారత్, బ్రిటన్ రెండూ చేరిన 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, సామాను దెబ్బతింటే చేతికందిన ఏడు రోజులలోగా, ఆలస్యంగా అందితే ఇరవై ఒక్క రోజులలోగా విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఖరీదైన కొత్త సెట్టు దాన్ని తేలిగ్గా దాటిపోగలదు కనుక, చెక్-ఇన్ సమయంలో విలువను ప్రత్యేకంగా ప్రకటించి అదనపు రుసుము కట్టడమో, విడిగా బీమా చేయడమో ఆలోచించవలసిన విషయం. సంచిని మూసేముందు లోపలి వస్తువులను ఫొటో తీసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఒక జత బూట్లు, వాన కోటు, ఒక గ్లవ్ చేతిసంచిలో ఉంటే, గోల్ఫ్ సంచి రెండు రోజులు ఆలస్యమైనా అద్దె క్లబ్బులతో ఆట మొదలుపెట్టవచ్చు. ఎడమచేతి వాటం వారు మాత్రం అద్దె సెట్టు ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

అసలు పెట్టె

లింక్స్ మైదానాలలో నడక ప్రధానం. బ్యాటరీ బండ్లు చాలాచోట్ల ఉండవు, ఉన్నచోట కూడా వైద్య కారణం చూపినవారికే ఇస్తారు. 18 హోళ్ల ఆటలో, బంతి ఎటు పోతే అటు తిరగడంతో కలిపి, 8 నుంచి 10 కిలోమీటర్ల నడక అవుతుంది. జూన్‌లో అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు ముందే వెలుగు వస్తుంది, రాత్రి పదింటి దాకా ఉంటుంది. ఇంత పగలు చూసినవారికి ఒకే రోజు రెండు రౌండ్లు ఆడాలనిపించడం సహజం. అందుకే సామాను జాబితాలో అన్నింటికంటే పైన రాయవలసినవి బూట్లు, అవి రెండు జతలు ఉండాలి. ఉదయం తడిసిన జత సాయంత్రానికి ఆరదు. లోపల వార్తాపత్రికలు కుక్కి ఉంచితే మర్నాటికి ఆరవచ్చు. రెండూ నీరు చొరనివిగా, అడుగున ప్లాస్టిక్ ముళ్లు ఉన్నవిగా ఉండాలి. పాత లోహపు ముళ్లు గ్రీన్‌ను గాయపరుస్తాయని అత్యధిక మైదానాలు వాటిని నిషేధించాయి. ప్రయాణం కోసం కొత్త బూట్లు కొని వాటిని మొదటిసారి సెయింట్ ఆండ్రూస్‌లో తొడగడం బొబ్బలను కోరి తెచ్చుకోవడమే. కనీసం నాలుగైదు రౌండ్లు మన నేల మీద నడిచి, కాలికి లొంగదీసుకున్నాకే వాటిని పెట్టెలో పెట్టాలి. మేజోళ్లు నూలువి కాకుండా ఉన్నివి కావాలి, వాటి సంఖ్య ఆడే రౌండ్ల సంఖ్య కంటే ఎక్కువ ఉండాలి.

నూలు మీద తెలుగువారికి ఉన్న మమకారం ఇక్కడ కాస్త సడలించుకోవలసి ఉంటుంది. మన ఎండలో నూలు గొప్పదనమంతా చెమటను పీల్చుకుని మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరచడంలో ఉంది. చలిగాలిలో ఆ గుణమే శత్రువవుతుంది, ఎందుకంటే తడిసిన నూలు ఆరేంతసేపూ ఒంటి వేడిని లాగేస్తూనే ఉంటుంది. మెరీనో జాతి గొర్రె ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పోగులలోకి తీసుకున్నా ఒంటికి తడిగా తగలదు, పలుచగా కూడా ఉంటుంది. ఒంటికి అంటి ఉండే ఉన్ని లేదా సింథటిక్ బనియను, దానిమీద కాలరున్న చొక్కా, ఆపైన పలుచని స్వెట్టరు, అన్నింటిపైన గాలినీ వాననూ ఆపే కోటు: ఇలా నాలుగు పొరలు వేసుకుని, ఎండ వచ్చినప్పుడు ఒకటి తీసి, గాలి లేచినప్పుడు మళ్లీ తొడగడం అక్కడివారి పద్ధతి. ఒకే రౌండులో నాలుగు రుతువులూ వచ్చిపోవడం తూర్పు తీరంలో మామూలే. పగటివేళ సముద్రం నుంచి ఉన్నట్టుండి కమ్ముకొచ్చే పొగమంచును స్థానికులు హార్ అంటారు, అది కమ్మితే ఎదుటి జెండా కనిపించదు. ఒక్క మందపాటి జాకెట్టు ఈ మార్పులకు పనికిరాదు, పైగా దానిలో చేతులు తిరగక దెబ్బ చెడుతుంది.

వాన దుస్తుల మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఈ బట్టల నాణ్యతను మిల్లీమీటర్లలో చెబుతారు. 10,000 అని ఉంటే ఆ బట్ట మీద పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలిపినా ఊట దిగదని అర్థం. అదే సమయంలో లోపలి చెమట ఆవిరి బయటకు పోగలగాలి, లేకుంటే వానకు తడవని మనిషి చెమటకు తడుస్తాడు. మన వానాకాలంలో స్కూటర్ల మీద తొడిగే ప్లాస్టిక్ రెయిన్‌కోటు తెచ్చుకున్నవారికి జరిగేది ఇదే. కోటుతో పాటు ప్యాంటు కూడా కావాలి, అది బూట్లు విప్పకుండానే తొడుక్కునేలా అడుగున జిప్పు ఉన్నది కావాలి. కొనేముందు లోపల స్వెట్టరుతో సహా వేసుకుని, దుకాణంలోనే చేతులు భుజం పైదాకా తిప్పి చూడాలి. కదలిక పట్టేస్తున్నా, బట్ట గరగరమని చప్పుడు చేస్తున్నా మరో కొలత అడగాలి. గొడుగు విషయంలో ఉదారంగా ఉండవచ్చు: ఇంట్లో వదిలేయవచ్చు. పక్కల నుంచి కొట్టే వానలో అది ఆటగాడి కంటే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది.

చేతి తొడుగుల గురించి ఒక ముక్క. గోల్ఫ్‌లో కుడిచేతి వాటం వారు ఎడమ చేతికి పలుచని గొర్రె తోలు గ్లవ్ వేసుకుంటారు. అది తడిస్తే జారుతుంది, ఆరాక అట్టలాగా బిగుసుకుపోతుంది. వాన గ్లవ్‌లు దీనికి వ్యతిరేకం, ఎంత తడిస్తే అంత పట్టు ఇస్తాయి, జతగా రెండు చేతులకూ వేసుకుంటారు. మూడు తోలు గ్లవ్‌లు, ఒక జత వాన గ్లవ్‌లు, చెవులు కప్పే ఉన్ని టోపీ, గాలిలో చల్లగా ఉన్నందువల్ల అక్కర్లేదనిపించే సన్‌స్క్రీన్, జిప్పు సంచిలో మూసిపెట్టిన పొడి తువ్వాలు రోజూ సంచిలో ఉండాలి.

మైదానం వెలుపలి దుస్తులలో ఒక్క విషయం ముఖ్యం. జీన్స్, కాలరు లేని టీ-షర్టు పాత సంఘాల భవనాలలో చెల్లకపోవచ్చు. మ్యూర్‌ఫీల్డ్‌ను నడిపే ఆనరబుల్ కంపెనీ ఆఫ్ ఎడిన్‌బరో గోల్ఫర్స్ భోజనశాలలోకి కోటు, టై లేనిదే అడుగుపెట్టనివ్వరు. అక్కడి మధ్యాహ్న భోజనం ఆటంత ప్రసిద్ధమైనది కాబట్టి, ఆ ఒక్క పూట కోసమైనా ముడతలు పడని కోటు ఒకటి పెట్టెలో చోటు సంపాదించుకుంటుంది.

ఇక పచ్చళ్లు. బ్రిటన్‌లోకి భారతదేశం నుంచి ప్రయాణికులు మాంసంతో, పాలతో చేసినవేవీ తీసుకెళ్లరాదు కనుక నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి ఇంట్లోనే ఆగిపోవాలి. ఆవకాయకు ఆ చిక్కు లేదు గానీ దాన్ని ఎక్కడ పెడుతున్నారన్నది చూసుకోవాలి. గోల్ఫ్ సంచి కవరులో ఖాళీ ఉందని సీసాను అక్కడ ఇరికిస్తే, అది పగిలిన పక్షంలో నూనె ముందుగా చేరేది క్లబ్బుల రబ్బరు పట్టులకే. నూనె పీల్చిన రబ్బరు ఎంత కడిగినా చేతిలో నిలవదు, పట్టులన్నీ మార్పించవలసి వస్తుంది.

తిరుగు ప్రయాణంలో సర్దడానికి వేరే శ్రద్ధ కావాలి. చివరి రౌండు ఆడిన వెంటనే విమానాశ్రయానికి పరుగెత్తేలా ప్రణాళిక వేసుకుంటే, తడి బూట్లు, తడి కవర్లు బిగుతుగా మూసిన సంచిలో ఒక పగలూ రాత్రీ ఉండి, జులై తేమలో హైదరాబాదు చేరేసరికి తోలుకు బూజు, పూత లేని వెడ్జ్‌లకు తుప్పు పడతాయి. ఆఖరి ఆటకూ విమానానికీ మధ్య ఒక రాత్రి ఉంచుకోవడం దీనికి మందు. అక్కడి నుంచి నేరుగా ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో వెళ్లే తెలుగువారికి మరో పని కూడా ఉంది. పరాయి దేశపు మట్టితో విత్తనాలు, తెగుళ్లు రాకుండా ఆ రెండు దేశాలు గట్టి కాపలా కాస్తాయి. వాడిన గోల్ఫ్ సామగ్రి ఉన్నదని ప్రవేశ పత్రంలో రాయాలి, దాన్ని ముందే శుభ్రం చేసి ఉంచాలి. ఐరన్‌ల గాళ్లలో ఇరుక్కున్న ఇసుకనూ, బూటు ముళ్ల సందులలోని గడ్డినీ పాత టూత్‌బ్రష్‌తో తోమేయవచ్చు. ఆ బ్రష్ బరువు ఏ విమాన సంస్థ లెక్కలోకీ రాదు.